ముందు ఫైర్‌వాల్ ఆపెయ్యండి

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా సార్ విషయంలో అవి నిలువెత్తు ఫ్లెక్సీ అయ్యాయి. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే మైత్రీవనం వైపు గోడకు కట్టి కనిపించింది. తెల్ల చొక్కా, జేబులో రెండు మార్కర్లు, నల్లగా రంగేసిన జుట్టు, వెనక నీలి మబ్బులు. కింద 'వేలాది జీవితాల్లో వెలుగు నింపిన విద్యాదాతకు అశ్రునివాళి' అని రాసి, దాని పక్కనే కొత్త బ్యాచ్ మొదలయ్యే తేదీ కూడా వేశారు. ఆ తేదీ చూసి నాకు నవ్వొచ్చింది. సార్ బతికుంటే ఆయనే వేయించేవాడు.

పోయాడని తెలిసి బాధపడ్డానని రాస్తే అబద్ధం. సర్వర్ల గురించి నాకు మొదటి పాఠం చెప్పింది ఆయనే, నా మొదటి ఉద్యోగం పోగొట్టిందీ ఆయనే. ఇప్పుడు నేను బతుకుతున్నది ఆఫీసుల సర్వర్లలోకి దొంగలు పడకుండా చూసే పని మీద. ఆ పని ఎలా చెయ్యకూడదో ఆయన దగ్గర నేర్చుకున్నంత బాగా ఇంకెక్కడా నేర్చుకోలేదు.

నేను తెనాలి నుంచి వచ్చి ఎస్.ఆర్.నగర్ లేడీస్ హాస్టల్లో దిగిన రోజుల్లో అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద నడిస్తే చాలు, చేతిలో కాగితాలు పడేవి. ఏ కోర్సు నేర్చుకుంటే జీవితం ఏ ఒడ్డుకు చేరుతుందో అవే చెప్పేవి. కొత్త సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వస్తోందన్న వార్త అప్పుడే పుట్టింది. ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కుగా ఉండే యంత్రం సర్వర్ అయితే, ఆ యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్ ఇది. ఇంకా బజారులోకి రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మా సార్ అప్పటికే దాని మీద ఫ్రీ డెమో పెట్టేశాడు.

ఫ్రీ డెమో అంటే అమీర్‌పేటలో ఒక తంతు. మొదటి రెండు మూడు క్లాసులు ఉచితంగా చెబుతారు, నచ్చితే ఫీజు కట్టి కూర్చోవాలి. కాబట్టి ఫ్యాకల్టీ తన తడాఖా అంతా ఆ ఉచిత క్లాసుల్లోనే చూపించాలి. మా సార్ డెమోకి కుర్చీలు చాలక జనం మెట్ల దాకా నిలబడేవాళ్ళు. నేనూ మొదటి రోజు మెట్ల మీదే నిలబడి విన్నాను.

"డియర్ ఫ్రెండ్స్, ఇప్పటిదాకా మీరు చూసిన సర్వర్లు రేకుల షెడ్లు. ఇది బ్యాంకు లాకరు," అన్నాడు. ఎందుకు లాకరో కూడా చెప్పాడు. పాత సర్వర్‌లో తలుపులన్నీ తెరిచే వస్తాయి, మనం వెతుక్కుని మూసుకోవాలి. కొత్తదాంట్లో అన్నీ మూసి వస్తాయి, మనకు కావలసినవి మాత్రం తెరుచుకోవాలి. వాకిట్లో ఫైర్‌వాల్ అని ఒక కాపలావాడు ఉంటాడు, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని ఆపాలో వాడే చూస్తాడు. ఇదంతా చెబుతూ బోర్డుని అరచేత్తో తుడిచేవాడు. డస్టర్ బల్ల మీదే ఉండేది, దాన్ని ఆయన ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రంగు చేత్తోనే జుట్టు వెనక్కి తోసుకునేవాడు. క్లాసు అయ్యేసరికి నుదుటి మీద ఎర్రచారలు, నీలిచారలు తేలేవి. అదే ఒక పెద్ద తపస్సులా మాకు కనిపించేది.

ఫీజు కట్టిన మర్నాడు ల్యాబ్‌లో కూర్చున్నాం. లాకరు సంగతి అక్కడ తేలింది. కంపెనీ వాళ్ళు పరీక్ష కోసం ముందే వదిలిన సర్వర్ కాపీ ఎక్కించడం పూర్తికాగానే సార్ చప్పట్లు కొట్టి చెప్పిన మొదటి మాట, "ముందు ఫైర్‌వాల్ ఆపెయ్యండి."

ఎందుకంటే ఒక కంప్యూటర్ ఇంకోదానితో మాట్లాడబోతే కాపలావాడు ఆపుతున్నాడు. ఏ తలుపు తెరిస్తే పని జరుగుతుందో కనుక్కుని, అది మాత్రమే ఎలా తెరవాలో నేర్పాలంటే ఒక పూట పడుతుంది. కాపలావాణ్ణే ఇంటికి పంపిస్తే నిమిషంలో పని. ఆ తర్వాత అందర్నీ అడ్మినిస్ట్రేటర్లను చెయ్యమనేవాడు, అంటే ఇంట్లో ఉన్న తాళంచెవులన్నీ దారిన పోయేవాళ్ళ చేతిలో కూడా పెట్టడం. ఇక పాస్‌వర్డ్. ఎవరికి వాళ్ళు పెట్టుకుంటే మర్చిపోయి ప్రాణం తీస్తారని అందరికీ ఒకటే చెప్పేవాడు. అమీర్‌పేట్, పక్కన ఒకటి రెండు మూడు.

ఆ క్లాసుల్లో కూర్చున్నవాళ్ళు తర్వాత బేగంపేట, లక్డీకాపూల్, బంజారాహిల్స్ ఆఫీసుల్లో ఉద్యోగాలకు చేరారు. చేతికి అలవాటైన పాస్‌వర్డ్‌ని వెంట తీసుకెళ్ళారు. ఉద్యోగం మారితే అక్కడికీ తీసుకెళ్ళారు. మా బ్యాచ్ వాళ్ళం ఎక్కడ కలిసినా ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

అనుమానం అడిగితే ఆయనకు ఒళ్ళుమంట. "డౌట్లు బ్రేక్‌లో," అనేవాడు. బ్రేక్‌లో మనిషి ఉండేవాడు కాదు. ఒకసారి పట్టు వదలకుండా వెనకే వెళ్ళి ఇరానీ హోటల్లో పట్టుకున్నాను. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్నాడు. ఫైర్‌వాల్ ఆపకుండానే పని జరగాలంటే ఎలా సార్ అని అడిగాను.

"ఏమ్మా, నీకు ఉద్యోగం కావాలా, జ్ఞానం కావాలా?"

"రెండూ కావాలి సార్."

"అయితే రెండు చోట్ల ఫీజు కట్టుకోవాలి," అన్నాడు. పక్క బల్ల మీదవాళ్ళు కూడా నవ్వారు. సార్ మరో గుక్క తాగి, నవ్విన వాళ్ళందరి వైపు ఒకసారి చూసి, మెచ్చుకోలు అందిందని రూఢి చేసుకుని లేచాడు.

ల్యాబ్ పక్కన ప్లైవుడ్‌తో కట్టిన చిన్న గది ఒకటి ఉండేది. ఇన్‌స్టిట్యూట్ మొత్తంలో ఏసీ ఉన్నది ఆ గదికే. దానికి తాళం, ఆ తాళంచెవి సార్ బెల్టుకు. తలుపు సందులోంచి రెండు మెషీన్లు కనిపించేవి, ఒకదాని మీద తెల్ల టవల్ కప్పి ఉండేది. మాలో ఎవర్నీ గడప దాటనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం పూట ఏసీలో కునుకు తియ్యడానికి కట్టించుకున్నాడని, మెడ కింద పెట్టుకోవడానికి ఆ టవల్ అని మేం తీర్మానించుకున్నాం.

కోర్సు అయ్యాక నాకు పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఉద్యోగం దొరికింది. పరీక్ష మెషీన్ల నుంచి వచ్చే అంకెలన్నీ ఒక సర్వర్‌లో చేరేవి, ఏళ్ళ తరబడి రిపోర్టులు అందులోనే ఉండేవి. కిడ్నీ జబ్బు మనిషికి ఈ నెల అంకె ఒక్కటే చేతిలో ఉంటే డాక్టరుకు ఏమీ తేలదు. పోయిన నెలది, అంతకుముందుది పక్కన పెట్టి చూస్తేనే మనిషి ఎటు పోతున్నాడో తెలుస్తుంది. ఆ అంకెలు పోకుండా చూడటమే నా ఉద్యోగం. కౌంటర్లో కూర్చునే సరితకు అది పనిలాగే కనిపించేది కాదు.

"నీదే మంచిగుంది అక్కా. గా డబ్బా ముంగట కూసొని కాపలా కాసుడేనాయె," అనేది. సరితది అమీర్‌పేట వెనక బల్కంపేట, పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఎగతాళి చేస్తూనే తన టిఫిన్ డబ్బాలో సగం నాకు పెట్టేది.

ఇంతలో ఆ కొత్త సర్వర్ నిజంగానే బజారులోకి వచ్చింది. సెంటర్ నడిపే డాక్టరుగారికి దాని మీద మనసు పడింది. ఆయన కోరిక తప్పేమీ కాదు. పాతదానికి కంపెనీ వాళ్ళు మరమ్మతులు పంపడం ఆపేసే రోజు దగ్గరపడుతోంది, అది ఆగిపోయాక బయటపడే ప్రతి కంతా దొంగకు దారే. అలాగని మారడమూ తేలిక కాదు. మా రక్తపరీక్ష మెషీన్లతో వచ్చిన సాఫ్ట్‌వేర్ పాతకాలపుది, తలుపులన్నీ తెరిచే ఉంటాయన్న నమ్మకంతో రాసింది. కొత్త సర్వర్ దాన్ని వాకిట్లోనే నిలబెట్టేస్తుంది. ఉంటే ఒక గండం, మారితే ఇంకో గండం.

నేను చెప్పింది ఒకటే. వేరే మెషీన్ ఒకటి పక్కన పెట్టుకుందాం. కొత్తది ముందు దాని మీద ఎక్కిద్దాం. పరీక్ష మెషీన్లను ఒక్కొక్కటిగా దానితో మాట్లాడించి, ఏ తలుపు తెరవాలో తెలుసుకుని, అన్నీ కుదిరాక అప్పుడు మారుదాం. అందాకా పాతది కదపొద్దు. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు, కొత్త సర్వర్ సీడీలతో పాటు వచ్చిన పుస్తకంలో ఉన్నదే. డాక్టరుగారు అంతా విని, "ఎందుకైనా మంచిది, ఒక ఎక్స్‌పర్ట్‌ని అడుగుదాం," అన్నారు. ఆయన బావమరిది ఎవర్నో తెస్తానన్నాడు. మర్నాడు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది మా సార్.

జేబులో మార్కర్లతో సహా వచ్చాడు. సర్వర్ ఉన్న గది వైపు తిరిగి కూడా చూడలేదు. డాక్టరుగారి ఎదురుగా కూర్చుని, బిస్కెట్లు వచ్చేదాకా సిటీలో ట్రాఫిక్ గురించి మాట్లాడాడు.

"మా మేడం భయపడుతోంది సార్," అన్నారు డాక్టరుగారు.

"భయం దేనికమ్మా? నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. సాయంత్రం కాఫీకి అయిపోతుంది."

"సార్, మన ఎనలైజర్ల సాఫ్ట్‌వేర్ పాతది. కొత్తదాంట్లో పలుకుతుందో లేదో పక్క మెషీన్ మీద చూసుకుని..."

"డౌట్లు బ్రేక్‌లో," అని నవ్వి డాక్టరుగారి వైపు తిరిగాడు. "మా స్టూడెంటే సార్. క్లాసులో కూడా ఇంతే. పెళ్ళి చేసుకునేవాడు ముందు పక్కింట్లో కాపురం చేసి చూసుకుంటానంటే ఎలా ఉంటుంది?"

డాక్టరుగారు పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళంతా మండింది. "మీరు దీన్ని ఎక్కడైనా నడిపారా సార్? క్లాసులో కాకుండా?" అని అడిగేశాను. సార్ బిస్కెట్ ముక్కను చాయ్‌లో ముంచి, అది విరిగి పడేలోపు నోట్లో పెట్టుకుని, "అమీర్‌పేటలో నా పేరు చెప్పి ఎవర్నైనా అడగమ్మా," అన్నాడు. అది జవాబు కాదు. కాని గట్టిగా అన్న మాట ఏదైనా జవాబులాగే వినిపిస్తుంది.

"సరే, సార్ చెప్పినట్టే చేద్దాం," అన్నారు డాక్టరుగారు. లేచి వెళ్ళబోతుంటే నన్ను ఆపి, "కాని మేడం, రిపోర్టుల బాధ్యత మాత్రం మీదే. ఒక్కటి పోయినా మిమ్మల్నే అడుగుతాను," అన్నారు. చేసేది సార్, పడేది నేను. ఏర్పాటు బాగుంది.

ఆదివారం భోజనాలయ్యాక సార్ వచ్చాడు. వేరే మెషీన్ లేదు, ఏమీ లేదు. పాతదాని మీదే కొత్తది ఎక్కించాడు. ఇక వెనక్కి పోదామన్నా దారి లేకుండా పోయింది. కాఫీ వేళకు పూర్తి చేసి, అన్నమాట నిలబెట్టుకున్నాననే ముఖంతో ఆటో ఎక్కాడు.

సోమవారం పొద్దున పరగడుపున వచ్చినవాళ్ళతో హాలు నిండిపోయింది. కౌంటర్లో పేరు ఎక్కదు, మెషీన్ నుంచి అంకె రాదు. కొత్త సర్వర్ తన పని తాను చేసింది, తెలియనివాళ్ళందర్నీ వాకిట్లో ఆపేసింది. సరిత పరుగెత్తుకొచ్చింది. "అక్కా, షుగర్ పేషెంట్లు కండ్లు తిరిగి పడేటట్టున్నరు. ఒగాయన నా మీదికి లేస్తుండు. జర జల్ది ఏదన్నా చెయ్."

సార్‌ని పిలిపించారు. వచ్చి, స్క్రీన్ మీద దుమ్ము అరచేత్తో తుడిచి, నేను ఎదురుచూస్తున్న మాటే అన్నాడు. "ముందు ఫైర్‌వాల్ ఆపెయ్యి."

"వద్దు సార్. ఏ తలుపు కావాలో కనుక్కుని అదొక్కటే తెరుద్దాం. గంట చాలు."

"అవతల జనం పస్తులున్నారమ్మా. నీ గంట ఎవరికి కావాలి?" అని నా కుర్చీ లాక్కుని ఆయనే ఆపేశాడు. అందర్నీ అడ్మినిస్ట్రేటర్లను చేశాడు. పాస్‌వర్డ్ మార్చాడు, ఏం పెట్టాడో చెప్పక్కర్లేదు. రోజువారీ కాపీ తీసే డిస్కుని ఊడదీసి బీరువాలో పెట్టుకునే నా అలవాటు కూడా ఆయనకు నచ్చలేదు. "ఎప్పుడూ తగిలించే ఉంచితే సేఫ్ కదా," అన్నాడు. పేర్లు ఎక్కడం మొదలైంది. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. డాక్టరుగారు శాలువా తెప్పించి కప్పారు, శాలువాలో కూడా ఆ మార్కర్లు కనిపించేలా సర్దుకున్నాడు మా సార్. ఆ సాయంత్రం ఫైర్‌వాల్ మళ్ళీ ఆన్ చేస్తానంటే, డిస్కు ఊడదీస్తానంటే, "నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దు," అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. రోజూ అడిగాను. రోజూ అదే మాట.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున వచ్చి చూస్తే రిపోర్టులు లేవు. పేర్లున్నాయి, పేర్ల కింద ఉండాల్సిన అంకెల చోట పిచ్చిగీతలు. తగిలించి ఉన్న డిస్కులోనూ అవే గీతలు. ఎవరో బయటి నుంచి వచ్చి, తీరిగ్గా తిరిగి, అన్నిటినీ పాడుచేసి వెళ్ళారు. తలుపు బద్దలు కొట్టలేదు. పాస్‌వర్డ్ తెలిసినట్టే నేరుగా లోపలికి వచ్చారు. తెలియని వాళ్ళెవరని.

ఆ పూటే బల్కంపేట నుంచి ఒకావిడ వచ్చింది. సరితకు తెలిసిన మనిషి, భర్తకు కిడ్నీలు పాడై నెలనెలా తీసుకొచ్చేది. "పోయిన నెలది, గంతకు ముంగటిది, అన్నీ కావాలె బిడ్డా. పెద్ద దవాఖానల అడుగుతున్నరు," అంది. ఇంట్లో కాగితాలు లేవా అంటే, "వానకు తడిసిపోయినయ్. మీ డబ్బాల ఉంటయ్ గదా అని నేను ఫికర్ చెయ్యలే," అంది. సరిత నా వైపు చూసింది. మళ్ళీ ఎప్పుడూ ఆ డబ్బా మాట ఎగతాళిగా అనలేదు.

మధ్యాహ్నం డాక్టరుగారి గదిలో పంచాయితీ. సార్ ముందే వచ్చి కూర్చున్నాడు. సర్వర్ చూసొచ్చానని, కారణం దొరికిందని చెప్పాడు. దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగే కుక్క నయం, అది కనీసం దొంగల మీదే మొరుగుతుంది.

"ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంది సార్," అన్నాడు డాక్టరుగారితో. తర్వాత నా వైపు తిరిగి, తండ్రి బిడ్డను మందలించే గొంతు పెట్టాడు. "సర్వర్‌కి ఫైర్‌వాల్ ఆపి పెడతారా అమ్మా ఎవరైనా? క్లాసులో నేను నేర్పింది ఇదేనా?"

"ఇదే నేర్పారు సార్," అన్నాను.

డాక్టరుగారికి అది పొగరుగా వినిపించింది. ఆపింది ఆయనే అన్నాను. పాస్‌వర్డ్ పెట్టిందీ ఆయనే అన్నాను. మళ్ళీ ఆన్ చేస్తానంటే మీరే వద్దన్నారన్నాను. అప్పుడు డాక్టరుగారి ముఖం ఇంకా ఎర్రబడింది. "బాధ్యత మీదని ముందే చెప్పాను కదా మేడం," అన్నారు. సార్ కిటికీలోంచి పంజాగుట్ట ట్రాఫిక్ చూస్తున్నాడు. నేను ఆ నెల జీతంతో బయటికొచ్చాను. మెట్ల మీద సరిత ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత అసహ్యం వేసింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆ తర్వాత ఆయన డెమో క్లాసుల్లో ఆ కథ ఎక్కించాడట. "మా స్టూడెంటే ఒకమ్మాయి, ఫైర్‌వాల్ ఆపేసి ఒక హాస్పిటల్ రిపోర్టులన్నీ పోగొట్టింది డియర్ ఫ్రెండ్స్. సెక్యూరిటీ అంటే తమాషా కాదు," అనేవాడట. జనం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళట. ఫీజులు కట్టిన మర్నాడు అదే నోటితో ల్యాబ్‌లో ముందు ఫైర్‌వాల్ ఆపెయ్యండి అనేవాడట. నా తర్వాతి బ్యాచ్‌లలో చదివినవాళ్ళే నాకీ సంగతి చెప్పారు, ఆ అమ్మాయిని నేనేనని తెలియక. ఇంటర్వ్యూలకు వెళ్తే ఎదుటివాడు ఆ కథ విన్నాడా లేదా అని ముఖాలు చదువుకునే గతి పట్టింది నాకు.

చాలాకాలానికి, నా బతుకు ఒక దారిన పడ్డాక, పంజాగుట్టలో ఒక హోటల్లో ఎదురుపడ్డాడు. జుట్టు నలుపు ఇంకా పెరిగింది. తప్పుకుపోదామనుకునేలోపే పట్టుకున్నాడు. "ఏమ్మా, బాగున్నావా?" అని, వెంట ఉన్నవాళ్ళతో, "మా స్టూడెంటే. సెక్యూరిటీలో పెద్ద పొజిషన్. మొదటి పాఠం నా దగ్గరే," అన్నాడు. ముఖంలో ఎక్కడా ఒక ముడత లేదు. జరిగింది గుర్తుందో లేదో కూడా తెలియలేదు. ఆ రోజు ఇంటికొస్తూ అనుకున్నాను, పాపం ఈ మనిషికి నిజంగానే ఏమీ తెలియదని. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ దాటి లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదని. తెలియనివాడి మీద ఎంతకాలమని కోపం పెట్టుకుంటాం. అప్పటి నుంచి తిట్టు కొంత తగ్గించాను.

ఫ్లెక్సీ చూసిన వారానికి ఇన్‌స్టిట్యూట్ ఓనర్ ఫోన్ చేశాడు. కరీంనగర్ వైపు మనిషి, మా రోజుల్లో గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఫీజులు వసూలు చేసేవాడు. "నమస్తే మేడం. మన సార్ క్లాసులన్నీ వీడియోలు తీసి ఆయన సర్వర్ల పెట్టుకున్నడు. ఆయన పోయినంక ఆ సర్వర్ తెరుచుకుంటలేదు. మీరు పెద్ద పెద్ద తాళాలు చూసెటోళ్ళు, జర వచ్చి చూడుండ్రి," అన్నాడు.

నాకు ఫోన్‌లోనే నవ్వొచ్చింది. "అమీర్‌పేట్ ఒకటి రెండు మూడు కొట్టండి," అన్నాను.

"అన్నిటికన్నా ముందు గదే కొట్టినం మేడం. పలుకుతలేదు."

ఆ మాట కోసమే వెళ్ళాను. వెళ్ళకపోతే నిద్రపట్టేది కాదు. ఆ మెట్లు, ఆ జిరాక్స్ వాసన, ఆ ప్లైవుడ్ గది అలాగే ఉన్నాయి. తాళం బద్దలు కొట్టి తెరిచారు. లోపల రెండు మెషీన్లు, ఒకదాని మీద టవల్. సార్ సర్వర్ ముందు కూర్చున్నాను. అందరికీ తెలిసిన అడ్మినిస్ట్రేటర్ పేరు అందులో పనిచెయ్యడం లేదు, ఆయన తీసేసి వేరే పేరేదో పెట్టుకున్నాడు. కొన్నిసార్లు తప్పు కొడితే తనంతట తానే బిగుసుకుపోయేలా కట్టుదిట్టం చేశాడు. పక్క కంప్యూటర్ నుంచి ఒక్కో తలుపూ తట్టి చూశాను, ఒక్కటీ పలకలేదు. ఫైర్‌వాల్ నిలబడి ఉంది. డిస్కు ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను, దానికీ లోపలి నుంచి తాళం. నేను చేసినా ఇంతకన్నా బాగా చెయ్యలేను.

"మరి ఆ టవల్ కింద ఉన్నదేంటి?" అని అడిగాను.

"అదా మేడం, ట్రయల్ డబ్బా. కొత్త వర్షన్ ఏదొచ్చినా అసలుదాన్ని ముట్టకపోతుండె. ముందు దీని మీద ఎక్కించి, నెలల కొద్దీ నడిపి, అన్నీ మంచిగున్నయ్ అనుకున్నంకనే అసలుదాన్ని మార్చేటోడు. తీసిన కాపీ సుత ఈడ ఉంచకపోతుండె, దానికీ గిట్లనే తాళమేసి ఇంటికి కొంచవోతుండె. మస్తు జాగ్రత్త మనిషి."

"ఎప్పటి నుంచి ఇలా?"

"మొదటి సంది గంతే. మీరు చదివిన దినాలల్ల సుత గీ రెండు డబ్బాలే గద ఉండె."

మాకు కునుకు గదిలా కనిపించింది ఇదే. పక్కింట్లో కాపురం చేసి చూసుకుంటామా అని డాక్టరుగారిని నవ్వించిన రోజున కూడా ఈ టవల్ కింద మెషీన్ నడుస్తూనే ఉంది.

"మరి క్లాసులో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

ఓనర్ నవ్వాడు. "నేను సుత ఒకపారి అడిగిన మేడం. తాళం ఎట్ల ఎయ్యాల్నో నేర్పితే బ్యాచ్ సగానికి పడిపోతదన్నడు. పిల్లలకు పని జల్దిన అయితున్నట్టు కనపడాలె, లేకుంటె పక్క ఇన్‌స్టిట్యూట్‌కు పోతరు గద." చెప్పి, మెషీన్ వైపు ఆశగా చూశాడు. "తెరుచుకుంటదా మరి?"

"తెరుచుకోదు. పద్ధతిగా వేశాడు. నేనే కాదు, ఎవరూ తియ్యలేరు."

"సార్ అంటే సార్," అన్నాడు ఓనర్, గర్వంగా.

గోడ అవతల ల్యాబ్‌లో కొత్త బ్యాచ్ సందడి వినిపిస్తోంది. నేను బ్యాగు తీసుకుని మెట్లు దిగాను. బల్కంపేట ఆవిడ గుర్తొచ్చింది. తడిసిన కాగితాల మాట చెప్పి, మా డబ్బాలో ఉంటాయని నమ్మి నిలబడిన ఆవిడ. ఆవిడ రిపోర్టుల్ని ఎలా కాపాడాలో ఆయనకు ఆ సోమవారం పొద్దున కూడా తెలుసు. నా కుర్చీ లాక్కున్నప్పుడు తెలుసు. కిటికీలోంచి ట్రాఫిక్ చూస్తున్నప్పుడూ తెలుసు.

రోడ్డు మీదకొచ్చి ఫ్లెక్సీ ముందు ఆగాను. వానకు ఒక మూల ఊడి వేలాడుతోంది, సార్ మాత్రం చెక్కుచెదరకుండా నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళూ తెలియనివాడు కదా అని తిట్లలో తగ్గింపు ఇచ్చుకుంటూ వచ్చాను. ఆ తిట్లేవీ చెల్లవు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.